మంచాన్ని రోడ్డు దాటించిన సంగతి

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న ఆరోగ్యశాఖ సంచాలకులు గారికి, వేదిక మీద ఉన్న సూపరింటెండెంటు గారికి, నాతోపాటు ఈ ఆసుపత్రి మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్ళు అరగదీసుకున్న సిస్టర్లకు, డాక్టర్లకు, వార్డు సిబ్బందికి, ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నా మొహమాటపడి వెనక గోడకు ఆనుకుని నిలబడిన, మా క్లినిక్కు కౌంటరుకు రోజూ వచ్చే జనానికి నమస్కారం. అమ్మా, అయ్యా, మీరంతా ముందుకు వచ్చి కూర్చోండి. ఎవరైనా అడిగితే నేను పిలిచానని చెప్పండి. రండి. (కొందరు ముందుకు వచ్చి కూర్చున్నారు) ఆఁ, ఇప్పుడు సభలా ఉంది.

ఇప్పటిదాకా మాట్లాడిన పెద్దలందరూ నన్ను నిబంధనలకు కట్టుబడిన మనిషి అన్నారు. సంచాలకులు గారైతే ఇంకో మెట్టు పైకి వెళ్ళి, చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించిన సిస్టరు అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నావైపు చూడలేదు. నేను మాత్రం ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించినందుకే ఇదే సార్ ఒకప్పుడు నన్ను సస్పెండు చెయ్యబోయారు. (నవ్వులు) నవ్వకండి, నిజమే చెబుతున్నాను. పొద్దున ఈ సభ ఏర్పాట్లు చూస్తున్న మా చిన్న సిస్టరు నా చెవి దగ్గరికి వచ్చి, "అమ్మా, పాత గొడవలు ఎత్తకండి, అందరం సంతోషంగా ఇళ్ళకి వెళ్దాం" అంది. తల్లీ, నీ మాట మీద నాకు గౌరవం ఉంది. అది పాత గొడవే అయితే ఎత్తేదాన్ని కాదు. దాన్ని మళ్ళీ కొత్తగా తయారుచేస్తున్నారు కాబట్టి ఎత్తక తప్పడం లేదు.

తెలియనివారి కోసం మొదటి నుంచీ చెబుతాను. మన ఆసుపత్రి రోడ్డుకు ఇటుపక్క ఉంది. నేను పనిచేసే మత్తు విమోచన క్లినిక్కు అటుపక్క ఉంది. గట్టిగా తుమ్మితే ఇక్కడివాళ్ళకు వినిపించేంత దూరం. నల్లమందు జాతి మత్తుకు అలవాటుపడి, దాని నుంచి బయటపడాలని వచ్చినవారికి అక్కడ రోజూ ఒక ద్రవం తాగిస్తాం. సరైన మోతాదులో ఇస్తే దాంతో మత్తు ఎక్కదు. మనిషి నిలబడతాడు. పొద్దున్నే వచ్చి తాగి, మూతి తుడుచుకుని, పనికి పోతాడు. హఠాత్తుగా ఆపితే మాత్రం ఒళ్ళంతా చెమటలు, వాంతులు, కాళ్ళు వాటంతట అవే ఎగిరెగిరి తన్నుకోవడం, ఆ బాధ ఓర్చుకోలేక మళ్ళీ వీధిలో దొరికేది కొనుక్కోవడం. చాలామంది ప్రాణం పోయేది అక్కడే, ఆ మళ్ళీ అన్న చోటే.

ఈ మందు గురించి అప్పటి చట్టం చెప్పింది రెండే ముక్కలు. మందు లైసెన్సు ఉన్న ఆవరణ దాటకూడదు. రోగి స్వయంగా ఆ ఆవరణకు వచ్చి సిబ్బంది కళ్ళముందు తాగాలి. కాదంటే ఇచ్చినవారికి జైలు. లైసెన్సేమో క్లినిక్కుకు ఉంది, ఆసుపత్రికి లేదు. అంటే అటుపక్క అది మందు, ఇటుపక్కకు వస్తే దొంగసరుకు.

మా దగ్గరికి పాలబూతులో పనిచేసే ఒక అమ్మాయి వచ్చేది. తెల్లారకముందే లేచే అలవాటు వల్ల మేం తలుపు తియ్యకముందే మెట్ల మీద కూర్చుని ఉండేది. "సిస్టరమ్మా, మీకంటే పాలే తొందరగా వస్తాయి" అని నన్ను ఆటపట్టించేది. ఆమెకు విషజ్వరం వచ్చి ఈ ఆసుపత్రిలోనే, పై అంతస్తులోని వార్డులో చేరింది. లేచి నిలబడే ఓపిక లేదు. మందు అక్కడికి తీసుకెళ్ళి ఇస్తానని పైవాళ్ళను అడిగాను. ఫోనులో అడిగాను, ఆఫీసుకు వెళ్ళి అడిగాను. పరిశీలిస్తాం, ఆగండి అన్నారు. జ్వరం కాస్త తగ్గగానే ఆ అమ్మాయి చేతికున్న సెలైను సూది పీకేసుకుని, గోడ పట్టుకుని, ఎవరికీ కనపడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. క్లినిక్కుకు వచ్చినా బాగుండేది. రాలేదు. బస్టాండు వెనక శవమై దొరికింది. వాళ్ళమ్మ ఆమె చెప్పులు పట్టుకుని మా కౌంటరు దగ్గరికి వచ్చి, "రోడ్డవతలే కదమ్మా ఉంది" అంది. అంతే.

ఆ తరవాత ఏడాది వానాకాలంలో మా అద్దాల తమ్ముడు కింద పడ్డాడు. పెద్ద పెద్ద మేడలకు కిటికీ అద్దాలు బిగించే పని అతనిది. నడుముకు తాడు కట్టుకుని గోడకు వేలాడుతూ, కింద పోయేవాళ్ళను చూసి పాటలు పాడే రకం. మా దగ్గర మందు మొదలుపెట్టాక ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు. తాడు జారి మూడో అంతస్తు నుంచి ఇసక కుప్ప మీద పడ్డాడు కాబట్టి బతికాడు. తొడ ఎముక విరిగింది. కాలికి కడ్డీ దూర్చి, మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీశారు మన ఎముకల డాక్టరు గారు. అరుగో, రెండో వరసలో తల వంచుకుని నవ్వుకుంటున్నారు. ముందుంది డాక్టరు గారూ మీ సంగతి. (నవ్వులు)

మర్నాటికల్లా కబురు వచ్చింది. పరుగున వెళ్ళాను. ఆ వార్డులో నేను చూసింది మాటల్లో చెప్పడం కష్టం. మందు అందక కాళ్ళు తన్నుకుంటున్నాయి. విరిగిన ఎముక ఉన్న కాలు కూడా తన్నుకుంటోంది. అతను నోట్లో దుప్పటి కుక్కుకుని కొరుకుతున్నాడు. మంచం పక్కన వాళ్ళక్క ఉంది. సైకిళ్ళ రిపేరు షాపు నడిపి తమ్ముణ్ణి పెంచిన మనిషి. చేతులకు గ్రీజు అలాగే ఉంది. ఆ చేతులతో వాడి రెండు పాదాలు అదిమి పట్టుకుని కూర్చుంది.

"మందు తెచ్చావా సిస్టరమ్మా?" అంది.

"తేకూడదక్కా, చట్టం ఒప్పుకోదు."

"చట్టం ఏమంటోంది?"

"మందు రోడ్డు దాటకూడదంటోంది. వాడే అక్కడికి రావాలంటోంది."

ఆమె వంగి మంచం కిందకు చూసింది. "దీనికి చక్రాలున్నాయి కదా" అంది.

అయ్యా, ఈ రాజ్యంలో ఎంతోమంది న్యాయం చదివినవాళ్ళు ఉన్నారు. వాళ్ళందరికీ, నాకూ కూడా తట్టని సంగతి ఆ తల్లికి తట్టిందంటే ఆమె గొప్ప తెలివి అని కాదు. పాదాలు పట్టుకున్నది ఆమె కాబట్టి తట్టింది.

ఎముకల డాక్టరు గారు నిప్పులు చెరిగారు. "సిస్టర్, మీకు మతి పోయిందా? కదిలిస్తే నా పనంతా బూడిదలో పోసినట్టే" అన్నారు. నేను దుప్పటి తీసి చూపించాను. "సార్, కదలకుండా ఉన్నాడా ఇప్పుడు?" అన్నాను. ఆయన ఆ కాలును చూశారు. కోటు విప్పి కుర్చీ మీద పడేసి, వేలాడుతున్న ఆ బరువు ఊగకుండా రెండు చేతులతో పట్టుకుని, "పదండి, నెమ్మదిగా" అన్నారు. అలా బయల్దేరాం. తలవైపు నేను, పక్కన వార్డు అబ్బాయిలు ఇద్దరు, కాళ్ళవైపు బరువు మోస్తూ డాక్టరు గారు, అందరికంటే ముందు దారి ఇవ్వండి దారి ఇవ్వండి అని అరుస్తూ సైకిల్ షాపు అక్క. ర్యాంపు దిగాం, గేటు దాటాం, రోడ్డెక్కాం. బస్సులు ఆగాయి, ఆటోలు ఆగాయి, కూరగాయల బండి ఆగింది. కూడలిలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబులమ్మ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయి నిలబడింది.

క్లినిక్కు చేరాక అసలు చిక్కు వచ్చింది. మంచం గుమ్మంలో పట్టలేదు. సగం లోపలికి వెళ్ళి ఇరుక్కుపోయింది. మా గుమస్తా చెమటలు తుడుచుకుంటూ, "సిస్టర్, లైసెన్సు ఈ గదికే. మనిషి సగం బయట ఉన్నాడు, ఇవ్వొచ్చా?" అని అడిగాడు. నేను చూశాను. కాళ్ళు వరండాలో ఉన్నాయి, తల గదిలో ఉంది. "చట్టానికి కావలసింది నోరు బాబూ. నోరు లోపలే ఉంది" అన్నాను. (నవ్వులు, చప్పట్లు) గ్లాసు అతని నోటికి అందించాను. అరగంటకు కాలు తన్నుకోవడం తగ్గింది, గంటకు నిలిచింది. వాళ్ళక్క గుమ్మంలోనే కూలబడి అప్పుడు ఏడ్చింది.

మర్నాడు మళ్ళీ తీసుకొచ్చాం. ఆ మర్నాడూ. ఆసుపత్రి మంచం చక్రాలు నున్నటి గచ్చు మీద తిరగడానికి చేసినవి, గతుకుల రోడ్డు మీద మొరాయించేవి. అక్క షాపులో నుంచి గట్టి రబ్బరు చక్రాలు తెచ్చి, ఎవరినీ అడక్కుండా బిగించేసింది. ఆసుపత్రి ఆస్తిని పాడుచేశారని స్టోరు ఆఫీసరు గారు మెమో ఇచ్చారు, తరవాత మిగతా మంచాలకు కూడా అలాంటివి బిగించగలదేమో కనుక్కోమన్నారు. (నవ్వులు)

అప్పుడు వచ్చింది సార్ మీ ఫోను. అప్పటికి మీరు ఉప సంచాలకులు. ఆ సంభాషణ నాకు నిన్న జరిగినట్టు గుర్తుంది.

"సిస్టర్, మీరు చట్టాన్ని వెక్కిరిస్తున్నారు" అన్నారు మీరు.

"లేదు సార్, పాటిస్తున్నాను."

"మంచంతో సహా రావాలని చట్టంలో ఎక్కడుంది?"

"మంచం లేకుండా రావాలని ఎక్కడుంది సార్?"

మీరు, "మీకు నోటీసు వస్తుంది" అన్నారు.

"పంపించండి సార్. నోటీసు రోడ్డు దాటడానికి లైసెన్సు అక్కర్లేదు కదా" అన్నాను. (నవ్వులు)

మీరిప్పుడు నవ్వారు, సంతోషం. ఆ రోజు నవ్వలేదు. నేనూ ఫోను పెట్టేశాక నవ్వలేదు. నోటీసు ఇంటికి తీసుకెళ్ళి మా ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, మడిచి, "వద్దంటే మానేస్తావా?" అన్నారు. "మానను" అన్నాను. "మరి నాకు చూపించడం దేనికి? అన్నం తిను" అన్నారు. ఆయన ఈ హాల్లోనే ఎక్కడో స్తంభం చాటున కూర్చుని ఉంటారు. జీవితంలో నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే, అదీ తిట్టినట్టు.

తరవాత మీరు ట్రాఫిక్ వారికి ఉత్తరం రాశారు, రాకపోకలకు అంతరాయం కలుగుతోంది, ఆ మంచాన్ని ఆపించండి అని. మా కానిస్టేబులమ్మకు ఉత్తర్వు అందింది. మర్నాడు మేం గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎదురొచ్చింది. మంచం ఆపేశాం. "పైనుంచి ఆర్డరు వచ్చింది, అంతరాయం కలగకూడదంట" అంది. ఆ తరవాత వెనక్కి తిరిగి, రెండు చేతులూ బార్లా చాపి, రెండువైపులా బస్సుల్ని నిలబెట్టేసి, "వీళ్ళకి అంతరాయం కలగకుండా నేను చూసుకుంటా, వెళ్ళండి" అంది. (చప్పట్లు)

ఒకరోజు జోరున వాన. మంచానికి ప్లాస్టిక్ పట్టా కప్పాం, అక్క వాడి మొహానికి గొడుగు పట్టింది. రోడ్డు మధ్యలో చక్రం మురుగు కాలవ జాలీలో దిగబడిపోయింది. ఎంత లాగినా రాదు. డాక్టరు గారు మోకాళ్ళ దాకా తడిసి బరువు పట్టుకుని ఉన్నారు. వెనక బస్సు హారన్లు. అద్దాల తమ్ముడు రెండు చేతులతో మొహం కప్పుకుని, "నన్ను వదిలెయ్యండి సిస్టరమ్మా, నా ఒక్కడి కోసం ఇంతమంది తడుస్తున్నారు" అన్నాడు.

వాళ్ళక్క గొడుగుతోనే వాడి భుజం మీద ఒకటి పొడిచింది. "నోర్మూసుకుని పడుకోరా. మోసేది మేమైతే నీకేం బరువు?" అంది.

అప్పుడు బస్సు దిగారండీ జనం. ఎవరు పిలిచారో తెలియదు. ఆఫీసులకు పోయేవాళ్ళు, బట్టల కొట్లో పనిచేసే ఆడపిల్లలు, బస్సు డ్రైవరు కూడా దిగాడు. "ఒకటి, రెండు, మూడు" అని మంచాన్ని గాల్లోకి లేపి మా వరండాలో దించారు. ఎవరూ వాణ్ణి దేనికి మందు తాగుతున్నావని అడగలేదు. కాలు ఎలా ఉందని అడిగారు.

బస్సుల వాళ్ళు ఆలస్యమవుతోందని మన నియోజకవర్గం శాసనసభ్యులకు మొర పెట్టుకున్నారు. ఆయన కోపంగా వచ్చారు. "ఏంటమ్మా ఈ ఊరేగింపు? జనం నా ప్రాణం తీస్తున్నారు" అన్నారు. అక్క మంచం మీద నుంచి చెయ్యి తియ్యకుండానే, "మీరు చేసిన చట్టమే కదయ్యా, పాటిస్తున్నాం" అంది. "నేను చేశానా?" "శాసనసభలో చెయ్యెత్తలేదా?" ఆయన బుర్ర గోక్కుని, "చాలావాటికి ఎత్తుతామమ్మా" అన్నారు. (పెద్దగా నవ్వులు) కానీ ఆయన్ని తక్కువ చెయ్యను. మాతోపాటు రోడ్డు దాటారు, గుమ్మంలో ఇరుక్కున్న మంచాన్ని చూశారు, తాగించడం చూశారు, చట్టం తెప్పించుకుని మా బెంచీ మీదే కూర్చుని చదివారు. శాసనసభలో ఆయన లేచి ఈ మంచం సంగతి చెబితే సభ్యులంతా విరగబడి నవ్వారట. "నవ్వడం అయ్యాక చెయ్యెత్తండి" అన్నారట ఆయన. ఒక్క వాక్యం చేరింది చట్టంలో. ఆసుపత్రిలో చేరిన రోగికి అతను పడుకున్న చోటే మందు ఇవ్వవచ్చు. ఆ వాక్యం అచ్చయ్యే నాటికి అద్దాల తమ్ముడు ఊతకర్ర పట్టుకుని నడుస్తూ క్లినిక్కుకు వస్తున్నాడు. అతనికి అది ఒక్కరోజు కూడా ఉపయోగపడలేదు. తరవాత వచ్చినవారికి ఉపయోగపడింది. వారిలో కాన్పుకు వచ్చిన తల్లులున్నారు, క్షయ వార్డులో ఉన్న ముసలివారున్నారు. పాలబూతు అమ్మాయిలా ఒక్కరు కూడా మెట్లు దిగి పారిపోలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆ వాక్యాన్ని తీసేస్తూ కొత్త ముసాయిదా తయారవుతోంది. దాన్ని తయారుచేస్తున్న సంఘానికి అధ్యక్షులు మన సభాధ్యక్షులే. మందు బయట అమ్ముడవుతోంది కాబట్టి మళ్ళీ బిగించాలంటున్నారు. అమ్ముడవుతోంది, నేను కాదనను. గోదాము తాళం పగలగొట్టి సీసాలు ఎత్తుకుపోయారు, పేపర్లో వచ్చింది. దొంగ పడింది గోదాములో. శిక్ష మాత్రం వార్డులో కాలు విరిగి పడుకున్నవాడికా? గోదాముకు కొత్త తాళం వెయ్యండి సార్, నేనే వచ్చి తాళంచెవి తిప్పి చూస్తాను. మా రోగుల నోటికి వెయ్యకండి.

భోజనాల దగ్గర సంచాలకులు గారు నన్ను పక్కకు పిలిచి, ఎంతో గౌరవంగా, రిటైరయ్యాక ఆ సంఘంలో సలహాదారుగా ఉండమన్నారు. గౌరవ వేతనం ఉంటుందన్నారు. ముసాయిదా మీద నా సంతకం ఉంటే బరువుగా ఉంటుందన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించాను, ఇక్కడే, మీ అందరి ముందూ చెబుతున్నాను. రాను సార్. సోమవారం మీ సంఘం ప్రజాభిప్రాయం వింటుందని ప్రకటించారు. నేను ప్రజల వైపు బల్ల దగ్గర కూర్చుంటాను. ఎముకల డాక్టరు గారు వస్తానన్నారు. కానిస్టేబులమ్మ, ఇప్పుడు ఎస్సై అయింది, సెలవు పెట్టి వస్తానంది. ఇకమీద నన్ను బదిలీ చెయ్యడానికి మీ దగ్గర ఊరు లేదు, సస్పెండు చెయ్యడానికి నా దగ్గర ఉద్యోగం లేదు. (చాలాసేపు చప్పట్లు)

ఇందాక సార్ తన ప్రసంగంలో ఒక ప్రశ్న వేశారు. వీళ్ళు ఈ మందు ఏళ్ళ తరబడి తాగుతూనే ఉంటారు, ఎప్పుడు మానేస్తారు అని. అద్దాల తమ్ముడు ఇప్పటికీ తాగుతున్నాడు. ఒక కాలు కాస్త పొట్టి, మేడలెక్కడు, సొంత కొట్లో అద్దాలు కోస్తాడు. పెళ్ళి చేసుకున్నాడు. ఇవాళ ఇక్కడికి రాలేదు, ఒక బడికి కిటికీలు బిగించే పని ఒప్పుకున్నాడట, పని మానుకుని వస్తే నేను తిడతానని తెలుసు. సార్, మీరు భోజనం అవగానే జేబులోంచి బీపీ మాత్ర తీసి వేసుకోవడం చూశాను. అది ఎప్పుడు మానేస్తారు? (నవ్వులు) మానెయ్యకండి. మీరు నిండు నూరేళ్ళు ఉండాలి, నాకు పోట్లాడటానికి మనిషి కావాలి.

కటువుగా మాట్లాడి ఉంటే పెద్దలు మన్నించండి, మాటలను మాత్రం వెనక్కి తీసుకోను. ఇన్నేళ్ళు నన్ను భరించిన ఆసుపత్రికి, మంచం మోసిన చేతులన్నింటికీ, నా నోటిదురుసు తెలిసి కూడా మైకు ఇచ్చిన చిన్న సిస్టరుకు కృతజ్ఞతలు. సంచాలకులు గారికి కూడా, మనస్ఫూర్తిగా. ఎదురుగా కూర్చుని అంతా విన్నారు, లేచి వెళ్ళిపోలేదు.

ఇంకా ఫొటోలు ఉన్నాయంటున్నారు. నేను ఉండలేను. ఈ సాయంత్రం దాకా నేను ఉద్యోగంలోనే ఉన్నాను, పొద్దున రాలేనివారి కోసం మధ్యాహ్నం కౌంటరు తెరిచే వేళయింది. ముందు వరసల్లో వీళ్ళు నా మాటలు ఎంత వింటున్నా మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నారు, చెమటలు తుడుచుకుంటున్నారు. నాకు తెలుసు ఆ చెమట ఏమిటో. రండమ్మా, రండయ్యా, వెళ్దాం. మిగతావారికి సెలవు.